తాంబేళ్ళకు పదిహేను నిమిషాల సోకు

ఛాయ్ గ్లాసులు జర కింద పెట్టుండ్రి. ఇది ఇనుకుంట తాగితే పొలమారుతది, తర్వాత నన్ననొద్దు.

పోయిన వారం సంది మా బిల్డింగుల నన్ను ఎవ్వలూ గంగాధర్ అని పిలుస్తలేరు. లిఫ్టుల కనపడ్డా, కింద కిరాణం కాడ కనపడ్డా, "ఏం పార్లరన్నా, బాగున్నవా?" అంటున్నరు. పదహారేండ్ల సంది ఖతర్ల స్టోర్ కీపర్‌గ పని చేస్తున్న నేను. ఏ నట్టు ఏ ర్యాకుల ఉన్నదో కండ్లు మూసుకొని చెప్త. అసొంటి మనిషి ఇజ్జత్ రెండు తాంబేళ్ళ కాడ పోయింది. ఎట్ల పోయిందో ఇనుండ్రి.

మేముండేది అల్ మన్సూరల. మా ఎదురు ఫ్లాట్ల సలీం భాయ్ ఉంటడు. కామారెడ్డాయన, మాది కూడ ఆ పక్కనే. ఇంట్ల ఉర్దూ, మాతోని మాత్రం తెలుగు. ఆయన బిడ్డ ఆయిషాకు తొమ్మిదేండ్లు. ఆ పిల్ల రెండు తాంబేళ్ళను సాదుతది. సలీం భాయ్‌తోని ఆఫీసుల పని చేసే ఒకాయన వాళ్ళ దేశం పోతూ పోతూ ఇచ్చి పోయిండు. బాక్స్ టర్టిల్ అంటరట. అరచెయ్యంత ఉంటయి, నల్లటి డొప్ప మీద పసుపు గీతలు. భయమైతే తల, కాళ్ళు లోపలికి గుంజుకొని కింది పెంకుతోని తలుపేసుకుంటయి. డబ్బాకు మూత పెట్టినట్టే! మగదాని పేరు నవాబ్, ఆడదాని పేరు బేగం.

సలీం భాయ్ చెల్లె పెండ్లి కుదిరింది. ఇంటిల్లిపాది పది రోజులు ఇండియా పోవాలె. తాంబేళ్ళను ఎవ్వలు చూడాలె? ఆ పిల్ల పొద్దందాక ఒక్కటే ఏడుపు. "నేను పెండ్లికి రాను, ఈడనే ఉంట" అని.

అప్పుడు జారింది నా నోరు.

"గింతదానికి ఏడుస్తవా బిడ్డా? నేను మా ఊరి చెరువుల తాంబేళ్ళతోని పెరిగినోణ్ణి. తాంబేలు మొఖం చూసి దాని మనసుల ఏమున్నదో చెప్త. నాకిచ్చి పో."

మా ఇంటామె శోభ వంటింట్లకెళ్ళి తల బయటికి పెట్టి, "తాంబేళ్ళతోని పెరిగిన మాట నిజమే. ఆయన పనులు చూస్తే తెలుస్తలేదా?" అన్నది.

సలీం భాయ్ మాత్రం జర భయపడ్డడు. "అన్నా, ఇవి చెరువు తాంబేళ్ళు కావు. నేల మీద తిరిగేటియి. మునిగేటన్ని నీళ్ళల్ల ఏస్తే ఈత రాక సచ్చిపోతయి" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పిండు. నేను కూడ నాలుగుసార్లు తలూపిన.

ఆయిషా చెయ్యి చాపింది. "ప్రామిస్ అంకుల్? నేను వచ్చేదాక రెండూ ఇట్లనే ఉంటయా?"

మా బిడ్డ పెద్దగయి ఇండియాల చదువుకుంటున్నది. ఇట్ల చెయ్యి చాపి ప్రామిస్ అడిగేటోళ్ళు లేక మాకు శాన రోజులైంది. నా మనసు కరిగిపోయింది. "ప్రామిస్ బిడ్డా" అని చేతుల చెయ్యేసిన. సూడుండ్రి, తర్వాత నన్ను నిలబెట్టి కాల్చింది ఆ ప్రామిసే.

వాళ్ళు పోయిండ్రు. తాంబేళ్ళుండే పెద్ద ప్లాస్టిక్ టబ్బు మా హాల్లకొచ్చింది. అండ్ల కింద మెత్తగ కొబ్బరిపొట్టు, పైన ఒక లైటు, మూలకు తాగనీకె చిన్న పళ్ళెంల నీళ్ళు. తిండికి ఫ్రిజ్‌ల ఆకులు, పుట్టగొడుగులు తరిగి డబ్బాలల్ల పెట్టి పోయింది ఆ పిల్ల.

తెల్లారి కంపెనీ బస్సుల డ్యూటీకి పోతున్న. నలభై మంది జనం, డ్రైవర్ పెట్టిన పాటలు, ఏసీ మోత. ఆయిషా వాయిస్ మెసేజ్ వచ్చింది. చెవుల పెట్టుకొని ఇన్న.

"అంకుల్, ఇంపార్టెంట్ మాట చెప్పుడు మర్చిపోయిన. రోజూ పొద్దున ఫిఫ్టీన్ మినిట్స్ సోక్ చెయ్యాలె. లూక్‌వార్మ్ ఉండాలె, హాట్ వద్దు. చిన్ దాకనే, ముక్కులకు పోవద్దు. సోక్ చేసేటప్పుడు సుసు చేస్తయి, పరేషాన్ కావద్దు. తర్వాత టవల్‌తోని తుడవాలె. మర్చిపోవద్దు అంకుల్, సోక్ చెయ్యకపోతే సిక్ అయితయి. బై!"

నీళ్ళు అన్న మాట ఎక్కడన్న ఇనపడ్డదా మీకు? నాక్కూడ ఇనపడలే.

నాకు ఇనపడ్డది ఏందంటే, సోకు చెయ్యాలె. మన దిక్కు సోకంటే ఏంది? నూనె, దువ్వెన, పౌడరు! మా అక్క జాతరకు పోయేముందు అద్దం ముంగట గంటసేపు చేసేది సోకు కాదా? నాకు ఇచ్చంత్రమేం అనిపించలే. ఆడపిల్ల, బొమ్మలకు జడలేసినట్టు తాంబేళ్ళకు కూడ సోకు చేస్తదేమో అనుకున్న. నవాబ్, బేగం అని పేర్లు పెట్టినంక సోకు లేకపోతే బాగుంటదా?

ఇంటికొచ్చి శోభకు చెప్పిన. "తాంబేలుకు సోకేందయ్యా? నేనైతే ముట్ట. నీ చుట్టాలు, నువ్వే చేసుకో" అన్నది.

తెల్లారి ఐదింటికే లేసిన. కొబ్బరినూనె సీసా తీసిన. మా ఇంట్ల ఏసీకి నూనె గడ్డకట్టుకపోయింది. అప్పుడు లైటు వెలిగింది నాకు. 'లూక్‌వార్మ్ ఉండాలె' అన్నది ఇందుకే! ఎంత తెలివి పిల్లకు! సీసాను ఉడుకునీళ్ళ గిన్నెల పెట్టి నూనె గోరువెచ్చగ చేసిన. లుంగి కట్టుకొని హాల్ల బాసింపట్టు ఏసుకొని, నవాబ్‌ను ఒళ్ళె పెట్టుకొని, ఫోన్ల పదిహేను నిమిషాల టైమర్ పెట్టిన.

డొప్పకు నూనె. కాళ్ళకు నూనె. చిన్ దాకనే అన్నది గదా, గదమ కాడ ఆపిన. పాత టూత్ బ్రష్‌తోని గీతల సందులల్ల మెల్లగ రుద్దిన. అంతట్లనే ఒళ్ళె ఎచ్చగ అనిపించింది. సుసు! చెప్పినట్టే చేసిండు నవాబ్! లుంగి పాడైతే పాడైంది గని, నాకైతే మస్తు ఖుషీ అయింది. పని కరెక్టుగ అయితున్నట్టే గదా!

తర్వాత టవల్‌తోని తుడిచిన. సోకు సగంల ఆపుడెందుకని ఇంత పౌడరు కూడ అద్దిన. నవాబ్ అద్దం లెక్క మెరుస్తున్నడు. బేగాన్ని కూడ అట్లనే తయారు చేసిన.

ఆయిషాకు మెసేజ్ పెట్టిన. "సోక్ అయింది బిడ్డా. సుసు కూడ చేసినయి."

ఆ పిల్ల జవాబు పంపింది. "వెరీ గుడ్ అంకుల్! సుసు చేసినయంటే సోక్ మంచిగ అయినట్టే."

ఇంక చూసుకోండ్రి. కంపెనీల బెస్ట్ వర్కర్ సర్టిఫికెట్ వచ్చిన రోజు కూడ నేను అంత పొంగలే.

నాలుగో రోజు సోకుల నవాబ్ చేతులకెళ్ళి జారిండు. నూనె రాసిన తాంబేలును ఎప్పుడన్న పట్టిండ్రా? తడి సబ్బు దానికంటె నయం. టైల్స్ మీద బొక్కబోర్ల పడి, క్యారం బోర్డు స్ట్రైకర్ లెక్క సర్రున పోయి వాషింగ్ మిషన్ కిందికి దూరిండు. శోభ ఒక్క ఎగురుకు సోఫా ఎక్కింది.

"పట్టు! పట్టుమంటున్న! నా కాళ్ళ కాడికొస్తే ఊకోను!"

"తాంబేలే, పులి కాదు. కిందికి దిగు."

"నువ్వు దాన్ని బయటికి తీసేదాక దిగ!"

నేను నేల మీద బోర్ల పండుకొని చీపురు పుల్లతోని గెలుకుతున్న. తాంబేలు మెల్లగ నడుస్తదని చిన్నప్పుడు కథల చెప్పినోళ్ళు వచ్చి చూడాలె. ఇటు గెలికితే అటు, అటు గెలికితే ఇటు. అరగంటకు బయటికొచ్చిండు నవాబ్. ఒళ్ళంత బూజు, శోభ ఎంటికలు, ఎన్నడో పోయిన షర్టు గుండీ ఒకటి. రవ్వల పొర్లించి నూనెల ఏసేముందు కట్లెట్ ఉంటది చూడు, అట్లున్నడు. ఆ రోజు నా కంపెనీ బస్సు పోయింది. మళ్ళ కడిగి తుడిచి, మళ్ళ సోకు చేసిన. కడుగుడంటే కూడ తడిగుడ్డతోనే సుమా! నీళ్ళల్ల ఏస్తే మునిగి పోతడని సలీం భాయ్ నాలుగుసార్లు చెప్పిండు గదా!

ఆ సోకు నడుమనే ఊరికెళ్ళి మా అక్క వీడియో కాల్ చేసింది. ఒళ్ళె తాంబేలు, చేతుల నూనె. చూసి నోరెళ్ళబెట్టింది. "దుబాయ్ పోయి కమాయిస్తున్నవనుకున్నగదరా! తాంబేళ్ళకు తలకు పోస్తున్నవా?" ఇది దుబాయ్ కాదక్కా, ఖతర్ అని పదహారేండ్ల సంది చెప్తనే ఉన్న. ఆ రోజు చెప్పబుద్ధి కాలే. దుబాయ్ పేరే పోనీ అనుకున్న.

ఐదో రోజుకు అసలు కష్టం మొదలైంది. రెండూ తినుడు తగ్గించినయి. ఒంటి నూనెకు కొబ్బరిపొట్టు అంటుకొని బొచ్చు మొలిచినట్టున్నయి. తాగే నీళ్ళ పళ్ళెంల కాలు పెడితే చాలు, నీళ్ళ మీద నూనె తేలుతున్నది. వాసన చూసి మొఖం తిప్పుకుంటున్నయి. నాకేం సమజయ్యింది? సోకు సాల్తలేదేమో అనుకున్న! పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చినంక ఇంకో పదిహేను నిమిషాలు మొదలువెట్టిన.

ఏడో రోజు పొద్దున బేగం తలుపేసుకున్నది.

పెంకు మీద మెల్లగ తట్టిన. ఉలుకు లేదు. పేరు పెట్టి పిలిచిన. పలుకు లేదు. దోసకాయ ముక్క పెట్టిన, పుట్టగొడుగు పెట్టిన. డ్యూటీకి పోయిన గని నా పానం ఇంట్లనే ఉన్నది. సైట్లకెళ్ళి బోల్టులు కావాలంటే నట్లు పంపిన. గంటకోసారి శోభకు ఫోన్. "తీసిందా?" "తియ్యలే." "ఇప్పుడు?" "తియ్యలేదయ్యా! తీస్తే నేనే చేస్త గదా!"

సాయంత్రం వచ్చేసరికి కూడ అట్లనే ఉన్నది. గుండెల రాయి పడ్డది నాకు. ఇంక మూడు రోజులల్ల ఆ పిల్ల వస్తది. చెయ్యి చాపి 'నా బేగం ఏది అంకుల్' అంటే ఏం చెప్పాలె? చచ్చిపోయిందని ఏ నోటితోని చెప్పాలె? నిజం చెప్తున్న, నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

"కూసుంటే ఏమొస్తది? దావఖానకు నడువు" అన్నది శోభ. ఒక ఖర్జూర పండ్ల డబ్బా తెచ్చి, అండ్ల మెత్తటి గుడ్డ పరిచింది. వారం సంది తాంబేలును ముట్టనన్న మనిషి, తన చేతులతోనే బేగాన్ని ఎత్తి డబ్బాల పెట్టింది. కార్ల ఒళ్ళె పెట్టుకొని, దావఖాన ఉన్న ముఐథర్ దాక ఒకటే మాట. "అమ్మా బేగం, ఒక్కసారి తలుపు తియ్యవే. నీకు దండం పెడ్త."

ముఐథర్ల జంతువుల క్లినిక్‌ల డాక్టరమ్మ మలయాళీ ఆమె. బేగాన్ని చేతులకు తీసుకోంగనే చెయ్యి జారింది. వాసన చూసింది. ఇంగ్లీషు, హిందీ కలిపి మాట్లాడింది.

"డైలీ సోక్ చేస్తారా?"

"ఎస్ మేడం!" అన్న ఛాతీ ఇరుచుకొని. "డైలీ ఫిఫ్టీన్ మినిట్స్. ఇప్పుడు టూ టైమ్స్. లూక్‌వార్మ్!"

"గుడ్. వాటర్ ఎంత పెడతారు?"

"వాటర్? నో వాటర్ మేడం. కోకోనట్ ఆయిల్."

కొబ్బరినూనె పేరు ఇని మలయాళీ డాక్టరమ్మ మొఖం ఒక్క సెకను కళకళలాడింది. తర్వాత మాట సమజయ్యింది ఆమెకు.

"ఆయిల్? ఎందుకు?"

"సోకు మేడం! ఆయిల్, బ్రష్, పౌడర్..."

ఆమె నన్ను చూసింది. బేగాన్ని చూసింది. మళ్ళ నన్ను చూసింది. "సోక్! సోక్! పానీ మే భిగోనా!" అంటే నీళ్ళల్ల నానబెట్టుడు!

అప్పుడు ఎలిగింది. మా సైట్ల కాంక్రీటు మీద తడిపి కప్పే గోనెపట్టాలు రోజూ నేనే ఇష్యూ చేస్త. "సోక్ చెయ్యండ్రా, మంచిగ సోక్ చెయ్యండ్రా" అని ఫోర్మన్ పొద్దుగాల లేస్తే నా స్టోరు ముంగటనే ఒర్రుతడు. గోనెపట్టా కాడ తెలిసిన మాట తాంబేలు కాడికొచ్చేసరికి తెల్వకుంటయింది! భూమి పగిలి లోపలికి పోతే బాగుండనిపించింది. నా పక్కన శోభ కొంగు నోట్ల కుక్కుకొని గోడ దిక్కు తిరిగింది. భుజాలు ఊగుతున్నయి. ఏడుస్తుందనుకున్న. నవ్వుతున్నది.

డాక్టరమ్మ ఒక ట్రేల గోరువెచ్చటి నీళ్ళు పోసింది. గదమ దాకనే. మెల్లగ నూనె కడిగి బేగాన్ని అండ్ల కూసోబెట్టింది. ముగ్గురం ఊపిరి బిగవట్టి చూస్తున్నం. ఐదు నిమిషాలు. ఏడు నిమిషాలు. కింది పెంకు సన్నగ తెరుచుకున్నది. ముక్కు బయటికొచ్చింది. తర్వాత తల. బేగం మెడ చాపి, నీళ్ళల్ల మూతి పెట్టి, గుటుకు గుటుకు తాగుడు షురూ చేసింది. తాగింది, తాగింది, ఇంక తాగింది. పోయిన పానం తిరిగొచ్చినట్టయింది నాకు.

"రోగమేమన్న ఉన్నదా మేడం?" అని అడిగిన.

"ఏం లేదు. మీతోని విసిగిపోయి తలుపేసుకుంది" అన్నది డాక్టరమ్మ.

వాపస్ వచ్చేటప్పుడు కార్ల శోభ నవ్వు ఆగుతలేదు. "పేరేమో గంగాధర్. నెత్తి మీద గంగ! తాంబేళ్ళను మాత్రం నీళ్ళకు మొఖం వాచేటట్టు చేసినవ్!" ఇంటికి పోంగనే నవాబ్‌ను కూడ నీళ్ళల్ల కూసోబెట్టిన. కండ్లు మూసుకొని, నాలుగు కాళ్ళు చాపి, ఎంత హాయిగ కూసున్నడో! నా దిక్కు చూసిన చూపుల 'ఇన్ని రోజులు ఏం చేసినవ్‌రా?' అన్నట్టే ఉన్నది. ఆ తర్వాత మూడు రోజులు రోజూ మంచిగ నానబెట్టిన. రెండూ కడుపు నిండ తిన్నయి.

పదో రోజు వాళ్ళొచ్చిండ్రు. ఆయిషా సామాన్లు గుమ్మంలనే ఇడిసిపెట్టి ఉరికొచ్చింది. రెండిటినీ ఎత్తి ముద్దు పెట్టుకున్నది. నేను చల్లగ ఊపిరి పీల్చుకున్న. చెప్పకుంటనే గట్టెక్కుదామనుకున్న.

"అంకుల్, బేగం దగ్గర కొబ్బరి లడ్డు వాసనొస్తుందేంది?"

శోభ నా మొఖం చూసింది. నేను సీలింగు చూసిన. ఆ పిల్ల కండ్లల్లకు చూసి అబద్ధం చెప్ప మనసొప్పలే. చెప్పిన. లుంగి కాడికెళ్ళి దావఖాన దాక మొత్తం చెప్పిన. సలీం భాయ్ నవ్వి నవ్వి సూట్‌కేసు మీద కూలవడ్డడు. అదిగో, పార్లరన్న అన్న పేరు ఆయన నోటికెళ్ళి పుట్టిందే.

ఆయిషా నవ్వలే. నవాబ్‌ను తిప్పి తిప్పి చూసింది. బేగాన్ని తిప్పి తిప్పి చూసింది. "సారీ బిడ్డా" అన్న.

"పర్వాలేదు అంకుల్. రెండూ ఉన్నయి కదా, ప్రామిస్ నిలబెట్టుకున్నరు. నెక్స్ట్ టైం కూడ మీకే ఇస్త" అన్నది. "కాని మెసేజ్ ఆంటీ ఫోన్‌కు పెడ్త."

టబ్బు పట్టుకొని వాళ్ళ నాయన ముందుకు నడిచిండు. పిల్ల గుమ్మం దాక పోయి, ఏదో యాదికొచ్చినట్టు ఎనుకకు తిరిగింది.

"అంకుల్, మీ ఊరి చెరువుల తాంబేళ్ళు ఉంటుండె అన్నరు కదా?"

"అవు బిడ్డా. మస్తుగుంటుండె."

"మరి నీళ్ళు ఉండకపోతుండెనా?"

అప్పటి సంది ఆలోచిస్తనే ఉన్న. సరే, నవ్వింది చాలు, ఛాయ్ తాగుండ్రి. లూక్‌వార్మ్ అయ్యుంటది. బిస్కెట్లున్నయి, సోక్ చేసుకొని తినుండ్రి. ఛాయ్‌ల సుమా! నూనె సీసా శోభ దాచిపెట్టింది.